పొయ్యి పక్కన పాటల పెట్టె

పొద్దున్నే పాలు పొంగుతుంటే ఒక చేత్తో గిన్నె దించుతూ, ఇంకో చేత్తో రేడియో బొత్తాం తిప్పిన రోజులు మీకు గుర్తున్నాయా? "ఎందుకు లేవూ!" అని మీలో సగం మంది ఈపాటికి అనే ఉంటారు. గుర్తులేని చిన్నవాళ్ళు మీ అమ్మనో, అత్తగారినో అడిగి చూడండి. నేను చెప్పబోయేది వాళ్ళ ముచ్చటే.

మాది మేడ్చల్ దగ్గర రావల్కోల్. పుట్టిందీ ఇక్కడే, నన్ను ఇచ్చిందీ ఇక్కడే, రెండు వాడకట్లు అవతలికి. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. ఇంటర్ వరకు చదివి, పెళ్ళయ్యాక పొయ్యి ముందుకు వచ్చినదాన్ని. రేడియో గురించి పెద్ద పెద్ద సంగతులు చెప్పేంత చదువు నాకు లేదు. కానీ మా ఇంట్లో రేడియో ఏం చేసిందో మాత్రం బాగా తెలుసు. ఊళ్ళో ఎవ్వరూ పిలవని మా అమ్మను అది పేరు పెట్టి పిలిచింది. అదెట్లాగో చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

దేవుడి గూడు పక్కనే

మా ఇంట్లో రెండు గూళ్ళు. ఒక గూట్లో దేవుడు, పక్క గూట్లో రేడియో. సికింద్రాబాద్ నుంచి నాయన తెచ్చాడు. దానికి గోధుమరంగు తోలు తొడుగు, ముందువైపు చిన్న చిన్న చిల్లులు. ఆ తోలు వాసన ఇప్పటికీ నా ముక్కుకు తగులుతున్నట్టే ఉంటుంది. ఒకప్పుడు రేడియో ఉంటే పోస్టాఫీసులో ఏటేటా డబ్బు కట్టి లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. 1980ల్లో ఆ పద్ధతి పోయింది. అయినా ఆ పుస్తకాన్ని నాయన భూమి కాగితాలతో పాటు సందూకలో దాచిపెట్టాడు. రేడియో అంటే అంత ఆస్తి అన్నమాట.

సెల్లులు కొనాలంటే ప్రాణం మీదికొచ్చేది. గొంతు సన్నబడగానే సెల్లులు తీసి ఎండలో పెట్టేవాళ్ళం. ఎండ తగిలితే ఇంకో రెండు రోజులు పాడేది. ఈ పని మీరూ చేసే ఉంటారు! "వార్తలకూ, పాటలకూ తప్ప పెట్టొద్దు" అని నాయన ఆర్డరు. ఆయన పొలానికి పోగానే అమ్మ ఆర్డరు వేరు.

మా ఇంట్లో గడియారం లేదు. పొద్దున స్టేషను తెరవగానే వచ్చే ఆ తంబురా, వయొలిన్ బాణీయే మాకు కోడికూత. హిట్లర్ రోజుల్లో యూరప్ వదిలి బొంబాయి చేరిన వాల్టర్ కాఫ్‌మన్ అనే సంగీతకారుడు 1930ల్లో కట్టిన బాణీ అది. ఎక్కడి మనిషి, ఎక్కడి రావల్కోల్! ఆయన బాణీకి మా అమ్మ లేచి వాకిట్లో సాన్పి చల్లేది. ఏడుకి ఐదు నిమిషాలు తక్కువకు సంస్కృత వార్తలు. బలదేవానంద సాగర్ గారి గొంతు వచ్చిందంటే నేను జడ వేయించుకోవడానికి కూర్చోవాలి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, ఆ గొంతు వినకపోతే బడికి ఆలస్యమైనట్టే లెక్క.

పాటతో కొలిచిన వంట

ఇప్పుడు మనం వంటకు నిమిషాలు లెక్కపెడుతున్నాం, కుక్కరు విజిళ్ళు లెక్కపెడుతున్నాం. మా అమ్మ పాటలు లెక్కపెట్టేది. పాతకాలపు గ్రామఫోను రికార్డుకు ఒక పక్కన మూడు నిమిషాల పైచిలుకే పట్టేది. అందుకే ఆ నాటి సినిమా పాటలు చాలావరకు అంతే ఉంటాయి. మా అమ్మకు ఈ సంగతి తెలియదు, లెక్క మాత్రం తెలుసు. "రెండు పాటలకు చాయ్. ఐదు పాటలకు అన్నం వార్చాలె. ఒక పాట అయ్యేసరికి జొన్నరొట్టె పెనం మీది నుంచి దిగాలె" అనేది. నేను మొదటిసారి అన్నం వండింది ఆ లెక్కతోనే. మధ్యలో ప్రకటనలు ఎక్కువ వచ్చి అన్నం మెత్తబడింది. "ప్రకటనలు లెక్కల కలుపొద్దని చెప్పలే?" అని అమ్మ నవ్వింది.

చేతులు ఖాళీ లేని ఆడదానికి సరిపోయే సరదా ఇదొక్కటే సుమండీ! పుస్తకానికి చేతులు కావాలి, సినిమాకు రూపాయలు కావాలి, టీవీకి కళ్ళు కావాలి. రేడియోకు చెవి ఒక్కటి ఇస్తే చాలు. పప్పు రుబ్బుతున్నా, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నా, పసిపిల్లకు పాలిస్తున్నా అది పాడుతూనే ఉండేది. 1974లో కన్నుమూసిన ఘంటసాల గారి గొంతు, ఆ తర్వాత పుట్టిన నాకు మా మేనమామ గొంతంత దగ్గరైందంటే ఆ పెట్టె పుణ్యమే. ఇక సుశీల గారు పాడుతుంటే పక్కింటి పెద్దమ్మ చాట చేత్తో పట్టుకుని మా గడపలోకి వచ్చి కూర్చునేది. పాట అయిపోయాక గానీ చెరగడం మొదలుపెట్టేది కాదు.

ఆదివారం వస్తే సంక్షిప్త శబ్ద చిత్రం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూపు. రెండున్నర గంటల సినిమాను గంటకు కుదించి మాటలూ పాటలూ వినిపించేవారు. మేడ్చల్ పోయి సినిమా చూసే భాగ్యం ఏడాదికి ఒకసారో రెండుసార్లో. మిగతా సినిమాలన్నీ మేం చెవులతోనే చూశాం. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం మాట్లాడుకుంటుంటే మా వాడకట్టులో ఎవరో మాట్లాడుకున్నట్టే ఉండేది. "నువ్వు అచ్చం చిన్నక్క లెక్క మాట్లాడుతున్నవే" అని మా మేనత్తను ఆటపట్టించేవాళ్ళం.

సిలోన్ కథ

ఈ పాటలన్నీ మనకు తేలిగ్గా రాలేదండోయ్. 1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టదు. దేశం శాస్త్రీయ సంగీతం వినాలని ఆయన పట్టుదల. దాంతో ఆకాశవాణిలో సినిమా పాటలు అడుగంటాయి. జనం ఊరుకుంటారా? ముల్లు తిప్పి సిలోన్ పట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటరు అక్కడ ఉండిపోయింది. షార్ట్‌వేవ్‌లో అది దేశమంతా వినిపించేది. అక్కడ మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వినిపించేవారు. సముద్రం అవతలి నుంచి ఆమె మాట్లాడే తెలుగు వినడానికి మా అమ్మ చిన్నతనంలో పుట్టింటి అరుగు మీద పదిమంది చేరేవారట.

1952 డిసెంబరులోనే సిలోన్‌లో బినాకా గీత్‌మాలా మొదలైంది. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు అమీన్ సయానీ గారి గొంతు. సికింద్రాబాద్ చుట్టుపక్కల వాళ్ళం కదా, హిందీ మాకు పరాయిది కాదు. అందరూ "భాయియో ఔర్ బెహనో" అంటుంటే, ఆయన మాత్రం "బెహనో ఔర్ భాయియో" అనేవారు. ముందు అక్కచెల్లెళ్ళు, తర్వాతే అన్నదమ్ములు! ఏ సభలోనైనా, ఏ ఇంట్లోనైనా మనల్ని ముందు పిలిచినవాళ్ళు ఉన్నారా చెప్పండి?

చివరికి ప్రభుత్వమూ దిగొచ్చింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. 1967 నవంబర్ 1న బొంబాయి, పుణె, నాగపూర్ కేంద్రాల్లో ప్రకటనలు కూడా మొదలుపెట్టి, తర్వాత మిగతా ఊళ్ళకు పెంచారు. మన హైదరాబాద్ "వాణిజ్య ప్రసార విభాగం" అట్లా వచ్చిందే. గీత్‌మాలా కూడా 1989లో సిలోన్ వదిలి వివిధ భారతికి చేరింది.

ప్రకటనల మాట ఎత్తితే నాకు నవ్వొస్తుంది. మాకు పద్యాలు రాకపోయినా సబ్బుల పాటలు, తలనొప్పి మాత్రల పాటలు కంఠతా వచ్చేవి. వేపపుల్లతో పళ్ళు తోముకునే నేను పళ్ళపొడి కావాలని ఏడ్చాను. అమ్మ బట్టల సోడా మానేసి నిర్మా కావాలంది. "రేడియో చెప్పిందల్లా కొంటే ఇల్లు గడుస్తదా?" అని నాయన. "మరి ప్రకటనలు మీరు ఇనకండి, పాటలే ఇనండి" అని అమ్మ. అది మాత్రం ఎట్లా కుదురుతుంది? ఆ ప్రకటనల డబ్బుతోనే కదా ఆ పాటలు వచ్చేది! మాకు కోరికలు పుట్టించి, పాటలు వినిపించింది. లాభమో నష్టమో మీరే చెప్పండి.

పదిహేను పైసల కార్డు

ఇక అసలు ముచ్చటకు వస్తాను.

మా అమ్మకు ఊళ్ళో పేరు లేదు. అంటే, పేరు ఉంది గానీ పిలిచేవాళ్ళు లేరు. నాయనమ్మకు "ఏమే". నాయనకు "ఇగో, ఇన్నవా". ఊరికి "పెద్దింటోళ్ళ చిన్నకోడలు". నేను పుట్టాక "ఫలానా పిల్ల తల్లి". రేషను కార్డు మీద నాయన పేరు, పొలం కాగితాల మీద తాత పేరు. పుట్టింటికి పోతే తప్ప తన పేరు తనకు వినబడదు. ఆ పోవడం కూడా ఏడాదికి ఒక్కసారే.

మధ్యాహ్నం శ్రోతలు కోరిన పాటలు వచ్చేవి గుర్తుందా? పాటకు ముందు ఊరి పేరు, తర్వాత ఆ ఊళ్ళో కోరినవాళ్ళ పేర్లు వరసగా చదివేవారు. హిందీలో అయితే ఝుమ్రీ తలైయా అనే ఊరి పేరు ఎప్పుడూ మోగేది. బీహార్‌లో, ఇప్పటి జార్ఖండ్‌లో ఉన్న అభ్రకం గనుల ఊరు అది. అక్కడివాళ్ళు ఎన్ని ఉత్తరాలు రాసేవారంటే, అసలు అట్లాంటి ఊరు ఉందా, ఉత్త కల్పనా అని జనం అనుకునేవారట. అది వింటూ అమ్మ ఒకరోజు అంది, "మన ఊరి పేరు ఒక్కపారి కూడా రాలే గదా?"

అప్పుడు నేను ఏడో తరగతి. 1989 సంక్రాంతి దాటాక మొదలుపెట్టాం. కార్డు పదిహేను పైసలు. కోడిగుడ్లు అమ్మిన డబ్బులో అమ్మ పక్కన పెట్టేది. అమ్మకు చదువు రాదు. నేను రాసేదాన్ని. సుశీల గారి ఒక జోలపాట, కింద అమ్మ పేరు, ఆ కింద నా పేరు, పక్కింటి పెద్దమ్మ పేరు, రావల్కోల్, మేడ్చల్. "అచ్చరాలు గుండ్రంగ రాయి బిడ్డా, సదివేటోళ్ళకు తిప్పలు గావద్దు" అనేది. పోస్టు డబ్బాలో వేసేముందు కార్డును కళ్ళకు అద్దుకునేది.

నాయనమ్మకు తెలిసి గొడవ చేసింది. "ఆడిదాని పేరు ఊరూరికి సాటింపేయాల్నా? ఇజ్జత్ ఉందా?" అని. నాయన ఏమీ అనలేదు. కాదనలేదు, ఔననలేదు. అమ్మ కూడా ఎదురు చెప్పలేదు. మర్నాడు ఇంకో కార్డు రాయించింది. అట్లా పద్నాలుగు కార్డులు.

మార్చి నెల వచ్చింది. అప్పట్లో మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ద్రాక్షతోటలే. అనాబ్-ఎ-షాహి పందిళ్ళ కింద ఎండాకాలం కూడా చల్లగా ఉండేది. ద్రాక్ష కోతకు ఆడవాళ్ళు కూలికి పోయేవారు. అమ్మా పోయేది. తోటలో పందిరి తీగకు ట్రాన్సిస్టరు వేలాడదీసేవారు. పాటలు వస్తుంటే గుత్తులు తొందరగా తెగుతాయని తోట ఆసామి తెలివి!

ఆ రోజు నేను బడి నుంచి అన్నానికి ఇంటికొచ్చాను. నాయనమ్మ గడపలో కూర్చుని రేడియో పెట్టుకుంది. పాటలంటే గిట్టదన్నట్టు ఉండేది గానీ, అమ్మ లేనప్పుడు పెట్టుకునేది! నేను చారన్నం కలుపుకుంటున్నా. "రావల్కోల్" అని వినబడింది. ముద్ద చేతిలోనే ఉంది. ఆ తర్వాత అమ్మ పేరు. ఇంటి పేరుతో సహా స్పష్టంగా, గౌరవంగా, ఎవరో పెద్దమనిషిని పిలిచినట్టు పిలిచారు. తర్వాత నాది, పెద్దమ్మది. నేను అన్నం వదిలేసి, ఎంగిలి చేత్తోనే తోటకు పరుగు.

తీరా పోతే తోటలో ఆడవాళ్ళంతా అమ్మ చుట్టూ ఉన్నారు. పాట అయిపోయింది. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. సంతోషమనుకున్నా. కాదు. ఆ టైముకు అమ్మ తోట చివర బోరు దగ్గర నీళ్ళు పట్టడానికి పోయిందట. మోటరు చప్పుడులో ఏమీ వినబడలేదు. వీళ్ళు కేకలు వేస్తే పరుగెత్తుకొచ్చేసరికి పాట మొదలైపోయింది. పాట విన్నది, పేరు వినలేదు. రెండు నెలలు, పద్నాలుగు కార్డులు. ఆ ఒక్క క్షణం దాటిపోయింది. మళ్ళీ వేయరు కదా!

సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి మాట్లాడకుండా పొయ్యి వెలిగించింది. నాయనమ్మ గడపలో అట్లాగే కూర్చుని ఉంది. తిడుతుందేమోనని నాకు భయం. ఆమె గొంతు సవరించుకుంది. రేడియోలో ఎట్లా చదివారో అట్లాగే, ఆ సాగదీతతో సహా, "రావల్కోల్ నుంచి..." అని మొదలుపెట్టి అమ్మ పేరు చెప్పింది. ఇంటి పేరుతో సహా. "గట్లనే సదివిండ్రే. నేను ఇన్న. మంచిగ సదివిండ్రు" అంది.

కాపురానికి వచ్చిన పదమూడేళ్ళకు అత్త నోట కోడలి పేరు వినబడింది. అమ్మ ఊదుగొట్టం పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. అన్నం కొంచెం మాడింది. ఎవరూ ఏమీ అనలేదు.

మర్నాటి నుంచి నాయనమ్మకు మళ్ళీ "ఏమే"నే! కానీ ద్రాక్షతోటలో ఆడవాళ్ళు మాత్రం అమ్మను పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టారు. తర్వాత ఒకరొకరుగా వాళ్ళూ వచ్చి నాతో కార్డులు రాయించుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, మా వాడకట్టులో ఒక్కొక్కరికీ ఎంత మంచి పేర్లు ఉన్నాయో!

తర్వాత ఏమైంది?

ఏముంది, టీవీ వచ్చింది. రామాయణం రోజుల్లోనే ఊళ్ళో ఒకటీ రెండూ వచ్చాయి. శుక్రవారం చిత్రలహరికి జనం అటు పోయారు. క్యాసెట్లు వచ్చాయి. 2006 నుంచి హైదరాబాద్‌లో ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లు వచ్చాయి. ద్రాక్షతోటలు పోయి ప్లాట్లు వచ్చాయి. మా జిల్లా పేరే 2016లో మేడ్చల్-మల్కాజిగిరి అయింది. నాయనమ్మ పోయింది, నాయన పోయాడు.

అమ్మకిప్పుడు అరవై ఎనిమిది. 2024 ఫిబ్రవరి 20న అమీన్ సయానీ గారు పోయినప్పుడు ఫోన్‌లో ఆయన ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, "ఇన్నేండ్లు ఇన్న గని మొగమెన్నడు సూడలే" అంది. ఆ రోజే నా ఫోన్‌లో ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ వేసి వివిధ భారతి పెట్టాను. మా అమ్మాయి పక్కన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన పాటలు తను వింటోంది. తప్పని అనను. దాని పాటలు దానికి ఇష్టం. కానీ ఇప్పుడు ఎవరి పాట వాళ్ళ చెవిలోనే ఉండిపోతోంది. పక్కింటి పెద్దమ్మ చాట పట్టుకుని గడపలోకి రావాలంటే పాట బయటికి వినబడాలి కదా!

పాత రేడియో ఉంటే...

మీ అటక మీద రేడియో ఉంటే పారేయకండి. నాకు తెలిసినవి నాలుగు చెబుతాను.

వాడనప్పుడు సెల్లులు తీసేయండి. కారితే లోపలి రేకులు తుప్పు పడతాయి. తుప్పు పడితే గరుకు కాగితంతో మెల్లగా రుద్దండి.

గొంతు బొత్తాం తిప్పితే గరగర వస్తే, రేడియో ఆపి ఆ బొత్తాన్ని అటూ ఇటూ పాతికసార్లు తిప్పండి. చాలావరకు తగ్గుతుంది.

మీడియంవేవ్ సరిగా రాకపోతే పైకి లాగే పుల్లతో పనిలేదు. దాని ఏరియల్ లోపలే ఉంటుంది. రేడియోనే నెమ్మదిగా పక్కకు తిప్పి చూడండి. ఫోన్ ఛార్జర్లు, ఎల్ఈడీ బల్బుల దగ్గర పెట్టకండి, జుమ్మని చప్పుడొస్తుంది.

ఎఫ్ఎం ఉన్న సెట్టయితే పుల్ల పైకి లాగి 102.8 దగ్గర చూడండి. మన హైదరాబాద్ వివిధ భారతి అక్కడ ఉంది.

ఐదో మాట రేడియో గురించి కాదు. ఈ ఆదివారం మీ అమ్మనో, అత్తగారినో దగ్గర కూర్చోబెట్టుకుని ఏ పాట కోరుకునేవారో అడగండి. ఆ పాట పెట్టండి. పెట్టేముందు ఊరి పేరు చెప్పి, వాళ్ళ పేరు చెప్పండి, రేడియోలో చదివినట్టు. మొన్న మా ఇంట్లో నేను చదివాను. "నాయనమ్మనే నీకంటె మంచిగ సదివింది" అని అమ్మ వంక పెట్టింది గానీ, ముఖం చూడాలి ఆమెది!

ఈ వ్యాసంలో అమ్మ పేరు రాద్దామని అడిగాను. కాసేపు ఆలోచించి చెయ్యి అడ్డంగా ఊపింది.

"పేపర్ల వద్దు బిడ్డా. రేడియోల వచ్చింది. గది సాలు."